ముప్పై రెండు బిరుదులు, ఒక్క ఊపిరి

ఒకానొక రాజ్యాన్ని గజకేసరి అనే రాజు ఏలేవాడు. ఏలుబడి కన్నా ఆయనకు పొగడ్తల మీదే మోజు. బిరుదులే ముప్పై రెండు! ఆయన కొలువుకు రాగానే పేర్రాజు అనే భట్రాజు ఆ ముప్పై రెండూ ఒక్క ఊపిరిలో చదవాలి. అదీ అక్కడి ఆచారం.

ఇంతలో రాజుగారికి కోట మొత్తం తెల్లగా మెరిసిపోవాలని బుద్ధి పుట్టింది. గోడ పక్కనే ఇరవై సున్నపు బట్టీలు పెట్టించాడు. ఇక చూడండి నా సామిరంగా, ఊరంతా పొగ! పసిపిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా ఒకటే దగ్గు. వైద్యులు మొరపెట్టుకుంటే, "అదే పోతుందిలే" అని కొట్టిపారేశాడు.

ఒకనాడు పొరుగు రాజు పంపిన రాయబారి వచ్చాడు. పేర్రాజు గొంతెత్తాడు. ఇరవై ఆరో బిరుదు దగ్గర ఖళ్ళుఖళ్ళున దగ్గొచ్చి ఊపిరి తెగిపోయింది.

రాజు మండిపడ్డాడు. "రాయబారి ఎదుట నా పరువు తీస్తావా? నా బిరుదుల మధ్య దగ్గినవాడు ఎవడైనా సరే, పొద్దుగూకేలోగా పొలిమేర దాటాలి!"

పేర్రాజు కొయ్యబారిపోయాడు. నలభై ఏళ్ళ కొలువు! ఇంట్లో ఉబ్బసంతో మంచం పట్టిన భార్య. ఆమెను తీసుకుని ఎక్కడికి పోతాడు?

అప్పుడు ఆస్థాన విదూషకుడు వల్లభయ్య లేచాడు. "మహాప్రభూ, ఆజ్ఞ న్యాయమే. మరి రేపు చదివేదెవరు? ఇప్పుడే ఎంచుకుందాం."

మంత్రి ఏడో బిరుదుకే దగ్గాడు. సేనాపతి పదకొండోదానికి దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇద్దరి ముఖాలూ పాలిపోయాయి.

"చేతకాని దద్దమ్మల్లారా! నా బిరుదులు నేనే చదువుతా, వినండి!" అని రాజు ఛాతీ విరుచుకున్నాడు.

పేర్రాజు తన చెవుల్ని తానే నమ్మలేకపోయాడు. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది... అంతే! దగ్గుతెర ముంచుకొచ్చింది. రాజు సింహాసనం మీదే మెలికలు తిరిగాడు, కిరీటం జారి ఒళ్ళో పడింది. సభంతా గుడ్లప్పగించి చూసింది. ఆజ్ఞ ఇప్పుడెవరికి తగిలిందో అందరికీ తెలుసు. నోరు తెరిచే దమ్ము ఎవరికుంది?

వల్లభయ్య చేతులు జోడించాడు. "మహాప్రభూ, ఏ శత్రువూ లాక్కోలేని పదమూడు బిరుదుల్ని మన బట్టీల పొగ లాగేసుకుంది. పొద్దుగూకేలోగా ఎవరో ఒకరు పొలిమేర దాటాలి కదా. తమరు దాటుతారా, బట్టీలను దాటిస్తారా?"

అయిపోయాడు వల్లభయ్య, అనుకున్నాడు పేర్రాజు.

రాజు నోటికి అడ్డం పెట్టుకున్న పట్టు రుమాలు కేసి చూశాడు. దాని మీద నల్లటి మసి. "ఓరి దేవుడా! ఇది నా ఊపిరితిత్తుల్లోంచి వచ్చిందా?" అని తెల్లబోయాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వి, తన హారం తీసి వల్లభయ్య మెడలో వేశాడు. బట్టీలను ఏటి అవతల జనం లేని మెట్టకు తరలించమనీ, దగ్గేవాళ్ళందరికీ కోట ఖర్చుతో వైద్యం చేయించమనీ అక్కడికక్కడే దండోరా వేయించాడు.

"ప్రభూ, కోటకు సగమే సున్నం పడింది" అని మంత్రి నసిగాడు.

"సగం గోడలు నల్లగా ఉంటే ఉండనీవయ్యా! నా బిరుదులు మాత్రం ముప్పై రెండూ కావాలి. ఒరే పేర్రాజూ, ఇంటికెళ్ళి పడుకో. ఊపిరి బాగుపడ్డాకే కొలువుకు రా!"