బుట్టకు మూతి ఎటువైపు?

అనగనగా, ఏనుగు ఏలే ఒక అడవిలో సూరన్న అనే గిజిగాడు ఉండేవాడు. గడ్డిపోచలతో గూళ్ళు అల్లడం అతని పని. ఆ ఏడు వానల్లేక అడవంతా ఎండిపోయింది. గింజలిచ్చి గూడు అల్లించుకునే పక్షే కరువైంది. ఇంట్లో పిల్లలు ఆకలికి కీచుమంటున్నారు.

అప్పుడు దండోరా వినబడింది.

"రాజుగారి కొట్టుకు గింజల బుట్టలు కావాలహో! చేయగలిగినవాళ్ళు టెండరు వేయాలి. ధర ఆకులో చుట్టి, ధరావత్తు కట్టి, నమూనా బుట్టతో రావాలి. పని దక్కినవాళ్ళకు ఏడాదంతా గింజలు!"

సూరన్న తల గిర్రున తిరిగింది. "ధర అంటే తెలిసింది. ఈ ధరావత్తు ఏమిటే నూకాలూ?" అని భార్యను అడిగాడు.

"నాకేం తెలుసు? సందేహాలు తీర్చడానికి రేపు సభ పెడతారటగా, వాళ్ళనే అడగయ్యా. ఈ పని రాకపోతే పిల్లల్ని బతికించుకోలేం" అని నూకాలు కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు సభలో కాకి, వడ్రంగిపిట్ట అన్నీ తెలిసినట్టు తలలూపుతున్నాయి. పాపం, సూరన్నకు ఒక్క ముక్కా అంతుపట్టలేదు. సిగ్గు చంపుకుని లేచాడు.

"అయ్యా, ధరావత్తు అంటే?"

రాజోద్యోగి ముళ్ళపంది ముళ్ళు నిక్కబొడిచాడు. "మాటిచ్చి తప్పుకోకుండా ముందే కట్టే హామీ. నీలాంటి చిన్నవాళ్ళు కట్టక్కర్లేదు. కూర్చో."

"అన్ని బుట్టలూ నేనొక్కణ్ణే అల్లలేనండీ. మావాళ్ళను కలుపుకోవచ్చా?"

"ముందే చెప్పి కలుపుకో. ఇక కూర్చుంటావా?"

సూరన్న కూర్చోబోయి మళ్ళీ లేచాడు. "ఇంకొక్కటండీ. బుట్టకు మూతి పైనా, కిందా?"

సభంతా గొల్లుమంది.

"వీడా బుట్టలు అల్లేది!" అంటూ కాకి ఎగిరిపోయింది. "ఈ పిచ్చి ప్రశ్నలు వింటూ కూర్చుంటే తెల్లారినట్టే" అంటూ వడ్రంగిపిట్ట కూడా పోయింది. సూరన్నకు చచ్చినంత పనైంది. ఏం చేస్తాడు మరి, పిల్లలూ? పుట్టి బుద్ధెరిగాక అతను అల్లిన ప్రతి గూటికీ మూతి కిందే!

ముళ్ళపంది బుర్ర గోక్కున్నాడు. ఆ సంగతి ఆయనా ఆలోచించలేదు. "పైనే" అన్నాడు చివరికి. "సందుల్లేకుండా అల్లాలి. గింజ జారకూడదు."

టెండర్లు విప్పే రోజు వచ్చింది. అందరికంటే తక్కువ ధర కాకిదే. కానీ తన గూడు కట్టినట్టే పుల్లలు పేర్చి తెచ్చింది. గింజలు పోస్తే సందుల్లోంచి జలజలా రాలిపోయాయి. వడ్రంగిపిట్ట తన ఇంటిలాగే మొద్దుకు పక్కన కన్నం తొలిచి తెచ్చింది. సగం నిండగానే ఆపైన పోసిన గింజలన్నీ పక్కనుంచి కారిపోయాయి. సూరన్న బుట్టలోంచి ఒక్క గింజ జారితే ఒట్టు!

"పని సూరన్నదే. మొదటి విడత గింజలు ఇప్పుడే ఇవ్వండి" అన్నాడు ఏనుగు రాజు.

సూరన్న ఇంకా బిక్కమొహంతోనే నిలబడ్డాడు. "అయ్యా, ఇంకొక్కటి అడగనా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. "అడుగు సూరన్నా" అన్నాడు ముళ్ళపంది.

"ఈ నమూనా బుట్ట మీదా, నాదా? మీరు ఒప్పుకుంటే గింజలు ఇందులోనే పట్టుకెళ్తాను. ఇంట్లో పిల్లలు ఎదురుచూస్తున్నారు."

నీతి: పనికి ధర కట్టేముందు ఆ పని ఏమిటో సిగ్గుపడకుండా అడిగి తెలుసుకోవాలి.