మేస్త్రీ పాదోదకం

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. ఊరు విడిచి ఇంత దూరం వచ్చాక చెప్పేవాళ్ళెవరున్నారు? మీరు ఉద్యోగాల్లో చేరేలోగా చెవిన వేయాలని చెబుతున్నాను.

అద్దకం షెడ్డులో పనిచేసే భావనారాయణ సెలవు దొరికినప్పుడల్లా తన గురువు నరహరిదాసుగారి మఠానికి పోయేవాడు. ఒక వేసవి మధ్యాహ్నం అక్కడ ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. దాసుగారు అప్పుడే ఎండలో పక్క ఊరినుంచి నడిచి వచ్చారు.

"ఏమిటయ్యా, అలా ఉన్నావు?"

"మన మఠంలో వాళ్ళకి హాస్యం తెలీదు స్వామీ. మా షెడ్డులో నేను ఆట కడితే పొట్ట పట్టుకుని దొర్లుతారు. అదే ఆట పొద్దున ఇక్కడ కడితే ఒక్కరి పన్నూ బయటపడలేదు."

"ఏం ఆట అది?"

చెప్పాడు. షెడ్డులో రంగు కాగులు పొద్దస్తమానం మరుగుతుంటాయి. నీళ్ళు తాగినవాడు బయటికి పోతాడనీ, పోయినవాడు పని ఎగ్గొడతాడనీ మేస్త్రీ భయం. అందుకని మంచినీళ్ళ కుండకు భావనారాయణను కాపలా పెట్టాడు. భోజనాల వేళదాకా ఎవరికీ పోయకూడదు. ఎవరైనా దాహమంటూ వస్తే అతను పూజారిలా కళ్ళు మూసుకుని చెంచాడు నీళ్ళు అరచేతిలో వేసేవాడు.

"ఏదీ, నాకూ చూపించు." దాసుగారు అరచెయ్యి చాచారు.

భావనారాయణకు హుషారొచ్చింది. పక్కనున్న కుండలో చెంచా ముంచాడు.

"అకాలమృత్యు హరణం, సర్వదాహ నివారణం, శ్రీ మేస్త్రీ పాదోదకం పావనం శుభం!"

దాసుగారు పకపకా నవ్వారు. ఆ కాస్తా తాగి, చెయ్యి మళ్ళీ చాచారు.

అతను మళ్ళీ మంత్రం చదివాడు. ఆయన మళ్ళీ నవ్వారు, తాగారు, చెయ్యి చాచారు. పెదవులు ఎండి చీలి ఉన్నాయి.

"చూశారా స్వామీ, మీకు నవ్వొచ్చింది!"

"నవ్వితే ఇంకో చెంచా పోస్తావేమోనని, నాయనా."

చెంచా గాలిలోనే ఆగిపోయింది.

షెడ్డులో తన ముందు చాచిన ఎల్లమంద చెయ్యి, సుబ్బులత్త చెయ్యి గుర్తొచ్చాయి. అందరూ నవ్వడం అయిపోయాక కూడా ఆ చేతులు అలాగే చాచి ఉండేవి. అదీ ఆటలో భాగమేననుకున్నాడు. "ఇంక పొండి, తీర్థం అయిపోయింది" అని అదిలించింది తనే. దానికీ నవ్వారు వాళ్ళు.

ఎవరూ ఏమీ అడక్కుండానే, "పోస్తే మేస్త్రీ నన్ను తీసేస్తాడు స్వామీ," అన్నాడు.

దాసుగారు చాచిన చెయ్యి మాత్రం దించలేదు.

భావనారాయణ చెంచా కింద పెట్టాడు. తల ఎత్తకుండానే చెంబు కోసం తడుముకున్నాడు.

ఇంతే కథ. మీ పిల్లలకి కూడా చెప్పండి. పనిచేసే చోట తమ మాటకి అందరూ తెగ నవ్వుతున్నారని వాళ్ళు సంబరపడుతూ ఇంటికొచ్చిన రోజున చెప్పండి.