హావెన్‌మేస్టర్‌ని పిలిచిన నూకాలు

పీకల మీదికొచ్చిన వేళ పలికే తీరులో తప్పొప్పులు ఎవరు తేల్చాలో చెప్పండి?

వలందావాళ్ల, అంటే డచ్చివాళ్ల, ఓడలు ఆగే రేవులో గాలి లేచింది. నూకాలు మొగుడి తెప్ప అలల్లో గింగిరాలు తిరుగుతోంది. రేవుదొర జెండా ఎత్తితేనే తెప్పకు దారి తెలుస్తుంది. రేవుదొరను వలందావాళ్లు హావెన్‌మేస్టర్ అంటారు; హావెన్ అంటే రేవు, మేస్టర్ అంటే దొర. నూకాలు ఆ మాటలో 'హావెన్' ముక్క మీద గొంతు చించుకుని పిలవడం మొదలెట్టింది.

దుబాసీ గవర్రాజు అడ్డొచ్చాడు. "ఆగవే! దొరల మాటను ఖూనీ చేస్తావా? పెద్దరికమంతా 'మేస్టర్'లో ఉంది. బరువు అక్కడ పడాలి."

నూకాలు తెప్ప కేసి చూసింది. ఇతనితో వాదిస్తూ కూచుంటే తెప్ప ఆగుతుందా?

"అయితే తమరే పిలవండి బాబూ, బేగి!"

గవర్రాజు 'మేస్టర్' మీద అరిచాడు. ముందు సగాన్ని గాలి మింగేసింది. బడి నడిపే స్ఖోల్‌మేస్టర్, సరుకు పంచే క్వార్టీర్‌మేస్టర్ పరుగెత్తుకొచ్చారు. పిలుపు వాళ్లకే అనుకుని రేవుదొర కదల్లేదు.

"మేస్టర్లు మందకు మంద ఉన్నారు బాబూ, రేవుకు ఒక్కడే! ఎవరో తేల్చే ముక్క మీద కదా బరువెయ్యాలి?" అంటూ నూకాలు తన తీరులో కేక పెట్టింది.

రేవుదొర గిరుక్కున తిరిగాడు. జెండా లేచింది. తెప్ప ఒడ్డెక్కింది.

మీ మాటను ఎవడైనా వెక్కిరిస్తే తల దించకండి. ముందు వాణ్నే పిలిచి చూడమనండి!