తోడుకు చెంచాడు

"గురువుగారూ, నాకు నియమం ఎందుకు నిలవదు?" అని గవర్రాజు అడిగితే అవధానిగారు అతని చేతిలోని మూటకేసి చూశారు. అడగ్గానే చెప్పే అలవాటు ఆయనకు లేదు.

గవర్రాజు అనకాపల్లిలో బెల్లం వ్యాపారి. ప్రతి దిమ్మా గిల్లి నోట్లో వేసుకుని ధర కట్టడమే బతుకైపోయి, యాభై ఏళ్లకే నాలుగు మెట్లెక్కితే ఊపిరాడని స్థితికి వచ్చాడు. "మీరు నాకు దక్కితే చాలు" అని భార్య పైడమ్మ కళ్లనీళ్లతో అతన్ని ఏటి ఒడ్డున ఉన్న అవధానిగారి వైద్యాశ్రమానికి పంపింది. "రోజూ ఒక ముద్ద తగ్గించు, కాస్త నడువు" అన్నారు గురువు. ఒక్క ముద్దా! గవర్రాజుకది చిన్నతనంగా తోచింది. మనిషిది ఉంటే ఉగాది, లేకపోతే శివరాత్రి. కటిక ఉపవాసం పట్టేవాడు, నాలుగు రోజులు తిరక్కుండానే చతికిలబడేవాడు.

ఈసారి మంచినీళ్లతోనే గడుపుతానని పంతం పట్టాడు. మర్నాటి మధ్యాహ్నం వంటింట్లో ఎవరూ లేని వేళ చూసి, పెరుగు కుండ ముందు కూలబడి అడుగుదాకా ఊడ్చేశాడు. ఆ సిగ్గుతో బట్టలు మూటకట్టుకుని, సెలవు తీసుకోవడానికి వచ్చి అడిగిన ప్రశ్న అది.

"వెళ్దువుగానిలే" అన్నారు గురువు. "ముందు సాయంత్రం పాలకు తోడు తెచ్చిపెట్టు. కుండలో చుక్క మిగల్లేదు. రేపు రోగులకు మజ్జిగ కావాలి కదా."

దీపాలు పెట్టాక తోడు ఎవరూ ఇవ్వరు. పొద్దు వాలుతోంది. గవర్రాజు ఆయాసపడుతూనే గట్టు వెంట పక్క పల్లెకు నడిచాడు. మొదటి గుమ్మంలో సన్నాసమ్మ అనే ముసలావిడ వత్తులు చేసుకుంటోంది. అతను చాచిన చెంబు చూసి నవ్వింది.

"సెంబెందుకు బాబూ? తోడుకి సెంచాడు సాలు. ఎక్కువేస్తే పులిసిపోద్ది. దీపమెట్టే యేళయింది, బేగెల్లు."

ముక్కూ మొహం తెలియనివాడికి ఆమె ఆకుదొప్పలో పెరుగు పెట్టి ఇచ్చింది. గవర్రాజు చెంబు చంకన పెట్టుకున్నాడు. దొప్పను రెండు చేతులా పట్టుకుని, అది ఒలకకుండా నెమ్మదిగా నడిచి వచ్చాడు.

గురువు గోరువెచ్చని పాలలో దాన్ని కలిపి మూతపెట్టారు. తెల్లారేసరికి కుండ నిండా గడ్డపెరుగు. ఆత్రంగా గరిట ముంచబోయిన గవర్రాజు చెయ్యి పట్టుకుని ఆపారు. చిన్న గిన్నెలోకి చెంచాడు తీసి, గూట్లో పెట్టి, అప్పుడు గరిట అతని చేతికిచ్చారు.

గవర్రాజు ఆ గిన్నెకేసి చూశాడు. మూట విప్పేశాడు. ఆ పూట ఒక ముద్ద తక్కువ తిన్నాడు, అంతే. ఏళ్లు గడిచాయి. ఇప్పుడు పైడమ్మతో కబుర్లాడుతూ కొండ మెట్లెక్కుతాడు. ఆశ్రమం నుంచి తోడుకు తెచ్చుకున్న ఆ పెరుగే ఇప్పటికీ వాళ్లింట్లో తోడుకుంటోంది. రోజూ దానికి దండం పెట్టుకుని, సన్నాసమ్మను, గురువును తలుచుకోనిదే అతను ముద్ద ముట్టడు.

ఆనాడు గరిట చేతికిస్తూ గురువు అన్నది ఒక్కటే మాట: "ముందు రేపటిది తియ్యి నాయనా. ఆ తర్వాతే ఇవాళ్టిది."