వెనక దీపం

మా పరుగుల గురువు చెన్నకేశవులు సారు, అడిగినదానికి సూటిగా జవాబు చెప్పిన పాపాన పోయేవారు కారు. అవునో కాదో ఒక్క ముక్క అనేస్తే ముత్యాలు రాలిపోతాయా అని మేము చాటున గొణుక్కునేవాళ్ళం. ఎదుట అనే ధైర్యం మాలో ఒక్కడికీ లేదు.

జిల్లా పోటీలకు ముందురోజు సాయంత్రం, మాతోపాటే సాధన చేసే లోకనాథం ఆయన పక్కన చతికిలబడి అడిగాడు. "సారూ, రేపు మొదట్లో నేను కాలు నొప్పిగా ఉన్నట్టు కుంటుతాను. వీడి పని అయిపోయిందని పక్కవాడు నెమ్మదిస్తాడు. ఆఖరున లగెత్తుతాను. నియమాల్లో ఇది తప్పని ఎక్కడా లేదు. ఇది ఉపాయమంటారా, మోసమంటారా?" నిజం చెప్పొద్దూ, మాకందరికీ ఆ ఎత్తు భలే నచ్చింది. సారు మాత్రం బూట్ల తాళ్ళు విప్పుకుంటూ, నల్లగుట్ట మీద తాను పెద్దమనిషిగా నిలబడి జరిపించిన ఒక రాత్రి పందెం సంగతి ఎత్తుకున్నారు.

గుట్ట ఎక్కి, అవతలి వాలున దిగి, చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే రావాలి. ఒక్కొక్కరి నుదుటికీ ఒక దీపం. బాటకు ఒక పక్క రాయి, ఇంకో పక్క లోయ. అందుకని అక్కడొక కట్టుబాటు ఉండేది. వెనకవాడి దీపం ముందువాడి పూచీ. మలుపు మలుపుకూ వెనక్కి తిరిగి చూడాలి, దీపం కనబడకపోతే పందెం పక్కనబెట్టి వెనక్కి పోయి వెతకాలి. పందేనికి ముందు సారు ఈ మాట చెబుతుంటే పరుగెత్తేవాళ్ళందరూ బుద్ధిమంతుల్లా తలలూపారు. వాళ్ళలో ఓబులేసు అనే అతనూ ఊపాడు. ఆ పందెంలో మొదట వచ్చినవాణ్ణి రాష్ట్ర జట్టుకు పంపుతామన్నారు. వయసు నిబంధన ప్రకారం ఓబులేసుకు అదే ఆఖరి అవకాశం. పెళ్ళయి, బిడ్డ పుట్టి కూడా ఆ ఒక్క ఆశతో పరుగు మానకుండా వస్తున్నాడు.

శిఖరం దాటేసరికి ముందు మస్తాను, వెనక ఓబులేసు. మిగతావాళ్ళు ఎక్కడో దిగువన ఉన్నారు. మస్తాను చిన్నవాడు, మొన్న మొన్న పరుగులోకి వచ్చినవాడు. మలుపు వచ్చినప్పుడల్లా వాడు వెనక్కి చూడటం, మళ్ళీ ముందుకు ఉరకడం. నా దీపం చూసి, నేనెంత దూరంలో ఉన్నానో కొలుచుకుని వేగం పెంచుతున్నాడు అనుకున్నాడు ఓబులేసు. కట్టుబాటు గుర్తుకు రాకపోలేదు. మొదటి స్థానం చేతికందుతుండగా వెనక్కి పోయే వెర్రివాడు ఎవడుంటాడు అనుకున్నాడు. పైన సగం చందమామ ఉంది, బాట తెల్లగా కాస్త కనబడుతోంది. మీట నొక్కి దీపం ఆర్పేశాడు. నేను వెనకబడ్డానని వాడు నెమ్మదిస్తాడు, చీకట్లోనే దగ్గరికి పోయి ఆఖరి వాలులో దాటేస్తాను అని లెక్క.

తర్వాతి మలుపు దగ్గర మస్తాను దీపం ఆగింది. ఆగి, అటూ ఇటూ ఊగి, ఓబులేసు వైపే తిరిగింది. ఓబులేసు చటుక్కున పక్కనున్న బండ వెనక్కి ఒదిగి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మస్తాను ఆ బండను రాసుకుంటూ పోయాడు. "ఓబులేసన్నా! యాడుండావన్నా? పలుకన్నా!" అని లోయలోకి దీపం తిప్పుతూ అరుస్తున్నాడు. పలకాలని ఓబులేసుకు నోటిదాకా వచ్చింది. పలికితే దాక్కున్న సంగతి బయటపడుతుంది, పరువు పోతుంది. పలక్కపోతే ముందు దారంతా ఖాళీ. కాసేపు వెతికి వాడే వస్తాడులే అని తనకు తానే సర్దిచెప్పుకుని, కాలితో బాటను తడుముకుంటూ మలుపు దాటాడు. దాటాక దీపం వెలిగించి పరుగు లంకించుకున్నాడు. వెనక ఈల మోగింది. మనిషి పడ్డాడని గుర్తు. ఇంకో ఈల దానికి బదులు పలికింది. ఆ ఈలలు చెవుల్లో గింగురుమంటున్నా అతను ఆగలేదు.

గమ్యానికి వచ్చేసరికి రిబ్బను బిగించి ఉంది. కుర్చీలున్నాయి, నీళ్ళ బిందెలున్నాయి, మనిషి మాత్రం లేడు. ఈలలు విని సారుతో సహా అందరూ అడ్డదారిన పైకి పోయారు. ఓబులేసు వెనక్కి తిరిగి చూశాడు. గుట్టంతా దీపాలు. బాట మీద, బండల మధ్య, లోయ అంచుల్లో. అన్ని గొంతులూ అతని పేరే పిలుస్తున్నాయి. అంతమంది నోట తన పేరు అతను ఎన్నడూ వినలేదు. రెండడుగులు వేస్తే రిబ్బను తెగుతుంది. తెంచితే ఎవరికి చెప్పుకోవాలి? సిగ్గుతో, భయంతో అక్కడే కూలబడ్డాడు. తర్వాత లేచి మళ్ళీ గుట్ట ఎక్కాడు. ఎక్కేముందు దీపం ఆర్పేశాడు, అది దానంతటదే ఆగిపోయిందని అందరూ అనుకోవాలని. "అంత జరిగినా బుద్ధి చూడండ్రా!" అన్నారు సారు.

మస్తాను లోయ గోడకు సగం దాకా దిగి, ఒక పొద పట్టుకుని వేలాడుతున్నాడు. అరచేతులు ముళ్ళకు చీరుకుపోయి నెత్తురు కారుతోంది. ఓబులేసు గొంతు వినగానే ఎగబాకి వచ్చి వాటేసుకుని బావురుమన్నాడు. "దీపం ఆగిపోయిందా అన్నా? నీకేమన్నా అయ్యుంటే వదినకు నేనేం చెప్పాల?" నడుముకున్న సంచిలోంచి తన దగ్గరున్న ఇంకో బ్యాటరీ తీసి చేతిలో పెట్టాడు. "ఇంద, ఇది ఏసుకో. పందెం ఇంకా అయిపోలా. నువ్వు ముందు పో, నేను వెనకాల వస్తా." ఓబులేసు ఆ బ్యాటరీని మళ్ళీ వాడి సంచిలోనే పెట్టేశాడు.

"అది ఆగిపోలా మస్తానూ, నేనే ఆర్పినా" అన్నాడు.

"ఎందుకన్నా?" అన్నాడు మస్తాను. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక. అప్పటికి సారు కూడా అక్కడికి చేరారు. ఆ పందెం రద్దు చేసి ఇంకో రాత్రి మళ్ళీ పెట్టారు. మస్తాను గెలిచి రాష్ట్ర జట్టుకు పోయాడు. ఓబులేసు ఆ పందేనికి రానేలేదు. బండ వెనక జరిగిందంతా ఆ తర్వాత అతనే సారు దగ్గరికి వచ్చి చెప్పుకున్నాడట.

సారు అంతటితో ఆపారు. లోకనాథం ఉండబట్టలేక, "ఇంతకీ అది ఉపాయమా, మోసమా? తేల్చలేదు సారూ" అన్నాడు.

సారు బూట్లు చేతబట్టుకుని లేచారు. "అది నాకూ తెలీదప్పా. తనలాగే మస్తాను కూడా వెనక్కి రాడని మాత్రం ఓబులేసుకు గట్టి నమ్మకం. ఆ నమ్మకమే వాడి కొంప ముంచింది."