ఊపిరి కోసిన పాటలు

ప్రశ్న అడిగితే ఇమ్మానుయేలు సారు జవాబు చెప్పడు, చెప్పులు వేసుకుంటాడు. అడిగినవాడు వెంట నడవాలి. కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఆయన దగ్గర గిటారు నేర్చుకున్నవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు.

ఆ సాయంత్రం కృపాకర్ అడిగింది తన ఆల్బమ్ గురించి. సారు శిష్యుల్లో అతనూ జోయెలూ ఒక జట్టు. కృపాకర్ వాయిస్తే జోయెల్ పాడేవాడు. పాత ఇంగ్లీషు రాక్ పాటలంటే ఇద్దరికీ ప్రాణం. జోయెల్ పోయి ఏడాది కావస్తోంది. అతను పాడే పాటలనే కృపాకర్ హైదరాబాదులో పేరున్న గాయకుల చేత మళ్లీ పాడించి, అట్ట మీద జోయెల్ పేరూ ఫోటో వేయించాడు. ఆదివారం జ్ఞాపకార్థ కూడికలో, ప్రార్థన అయ్యాక, అతని తల్లికీ అందరికీ వినిపించాలని కోరిక. తీరా ముందుగా విన్న స్నేహితులు పెదవి విరిచారు. లిఫ్టులో వేసే పాటల్లా ఉన్నాయన్నాడొకడు. దమ్ము లేదన్నాడు ఇంకొకడు.

"ఒక్క స్వరం తప్పలేదు సార్. మరి ఎందుకింత చప్పగా ఉన్నాయి?"

సారు చెప్పులు వేసుకున్నాడు.

వెళ్లింది జోయెల్ తల్లి మార్తమ్మ ఇంటికి. కూడిక భోజనాల కోసం ఆమె గడపలో కూర్చుని ఎల్లిపాయలు ఒలుస్తోంది. ఆమెకు ఆదివారమే వినిపిద్దామనుకున్నానని కృపాకర్ గొణిగాడు. సారు వినలేదు. ఫోను స్టూలు మీద పెట్టించి, మొదటి పాట వేయమన్నాడు.

గిటారు మొదలవగానే మార్తమ్మ ముఖం తేటపడింది. ఆమెకు ఇంగ్లీషు రాదు కానీ ఆ పాటల నడక మొత్తం తెలుసు. జోయెల్‌కు చిన్నప్పటినుంచీ ఉబ్బసం. ఆ వైపు మాటలో దాన్నీ దమ్మనే అంటారు. వీధిలో పిల్లలు దమ్మోడా అని వెక్కిరిస్తే, దమ్మున్నోణ్నని ఒప్పుకున్నారు కదా అని నవ్వేవాడు. పాటలో ఎక్కడ పొడుగ్గా లాగాల్సి వచ్చినా నడుమ తెగిపోయేవాడు. పిల్లికూతతో ఊపిరి తీసుకుని, మిగిలింది అప్పుడు అందుకునేవాడు. వాడలా తెగినప్పుడల్లా వంటింట్లో ఆమె చేతిలో గరిటె ఆగేది. వాడికి ఊపిరి అందాకే కదిలేది. ఒక తెల్లవారుజామున అందలేదు.

ఆ లాగే చోటు వచ్చింది. మార్తమ్మ చెయ్యి ఆగింది. గాయకుడు ఆగలేదు. గొంతు నున్నగా సాగి, రెండో వరుసలోకి వెళ్లింది, అక్కడినుంచి మూడోదానిలోకి. ఆమె చెయ్యి అలాగే ఉంది. ఒడిలోని ఎల్లిపాయలు జారి నేలమీద పడ్డాయి. ఏడుస్తోందేమో అనుకున్నాడు కృపాకర్. మెడ నరాలు ఉబ్బడం చూశాక గానీ, ఆమె ఊపిరి బిగబట్టి కూర్చుందని అర్థం కాలేదు. లేచి ఫోను ఆపేశాడు. నీళ్లలో మునిగి తేలిన మనిషిలా ఆమె పెద్దగా గాలి పీల్చుకుంది.

చెంబెడు నీళ్లు తాగాక మార్తమ్మ అంది:

"మంచి దమ్మున్న పిలగాడు. సల్లగుండాలె. మావాని పేరు మాత్రం తీసెయ్యి బిడ్డా."

తర్వాత వంగి, పడిన ఎల్లిపాయలు ఏరుకోసాగింది. సాయం చేయబోతే వద్దంది. ఆదివారం తప్పకుండా రమ్మనీ, పొద్దున్నే వచ్చి కుర్చీలు దింపించమనీ మాత్రం చెప్పింది.

దారిలో కృపాకర్ తనంతట తానే బయటపడ్డాడు. పాడినవాళ్లు ఊపిరి తీసుకునే చప్పుళ్లు స్టూడియోలో వినబడితే, ఒక్కొక్కటీ వెతికి వెతికి కోయించింది తనేనట. జోయెల్ పేరు మీద వచ్చేదానిలో ఎక్కడా మరక ఉండకూడదనుకున్నాడట. వాడికి తాను చేసే ఆఖరి పని కదా అన్నాడు.

సారు నడక ఆపకుండానే అన్నాడు:

"శవపెట్టెలో పెట్టేముందు వాడి ఒళ్లు తుడిచిందీ నువ్వే, కృపా. అప్పుడూ ఇంత శుభ్రంగానే తుడిచావు."