తెలిసినవాళ్ళ గింజ ఎటు నడుస్తోంది?

బోడికొండ కింద ఎర్రవాగు అడవి. ఆ అడవిలో చీమలు, చిట్టెలుకలు, ఉడతలు, ముంగిసలు చాలానే ఉండేవి. గింజ దాచడంలో మాత్రం పందికొక్కు భూపతయ్యను మించినవాళ్ళు లేరు. ఆయన కన్నం తవ్వితే భూమి అవతలివైపు జనానికి అరికాళ్ళలో గిలిగింతలు కలిగేవట. ఆయన తుమ్మితే వాగు వెనక్కి పారేదట. ఈ సంగతులన్నీ చెప్పింది ఆయనే.

ఆ అడవికి ఒక కట్టుబాటు ఉంది. ఎవరైనా గది ఖాళీ చేసి పోతే, అందులో ముందుగా గింజ పోసినవాళ్ళదే ఆ గది.

ఒకనాడు పొద్దున్నే వాగుగట్టు మీది చీమలు బారు కట్టి కొండెక్కసాగాయి. కొన్నింటి నోట గింజలు, కొన్నింటి నోట గుడ్లు.

భూపతయ్య మీసాలు దువ్వుకుంటూ పక్క కన్నంలోని చిట్టెలుకను పిలిచాడు. "చూశావా నూకాలూ, నా పక్కన నెగ్గలేక ఎలా పోతున్నారో."

నూకాలు ఆ బారు వెంట నడిచింది. ఒక ముసలి చీమను పలకరించి తిరిగొచ్చింది.

"అన్నయ్యా, మనందరికంటే లోతున ఉండేది వాళ్ళే. వాళ్ళ అడుగు గదిలో నేల కిందినుంచి చెమ్మ ఎక్కుతోందట. ఎగువ కొండల్లో పెద్ద వాన పడితేనే అలా అవుతుందట. నేనూ సర్దుకుంటున్నాను."

"ఆకాశంలో మబ్బుతునక లేదు. చీమ చెబితే పందికొక్కు ఇల్లు మారుతుందటమ్మా? పోయేవాళ్ళను పోనీ. మిగిలిన చోటంతా నాదే."

అన్నట్టే చేశాడు. చీమల గదులన్నీ కలిపి తవ్వి రాజకోటంత గింజల కొట్టు కట్టాడు. అది నింపడానికి కొండమీద రాతిసందులో దాచిన గింజ కూడా కిందికి మోశాడు. ఒకే దారిలో చీమల గింజ పైకి వెళుతోంది, ఆయన గింజ కిందికి దిగుతోంది.

ఆయన భార్య రత్తి లోపలి గదిలో కళ్ళు తెరవని పిల్లలను పొదువుకుని పడుకుంది. "ఏమండీ, పిల్లల కింద గడ్డి తడిగా ఉంది," అంది.

"అది నా చెమటే రత్తీ. ఇంత గింజ మోసినవాడికి ఆ మాత్రం పట్టదా?"

మరునాటి మధ్యాహ్నం ఎండ కాస్తూనే ఉంది. భూపతయ్య గట్టుమీద కూర్చుని ఉడతలకు తన కోట గొప్ప చెబుతున్నాడు. అడవిలో ఒక్క చినుకు పడలేదు. ఎగువనుంచి మాత్రం ఎర్రనీళ్ళు వచ్చాయి. తాటిచెట్టంత ఎత్తున వచ్చాయి. ఉడతలు చెట్లెక్కాయి.

ఆయన కన్నంలోకి దూకాడు. లోపలి గదికి ఉన్న ఒక్క దారీ కొట్టులోనుంచే. కొట్టునిండా ఆయన పోసిన గింజ నాని ఉబ్బి, గోడలా బిగుసుకుపోయింది.

భూమి అవతలిదాకా గిలిగింతలు పెట్టిన గోళ్ళు ఆ గింజను గీకాయి. గీకిన కొద్దీ పైనుంచి మళ్ళీ జారింది.

"ఏమండీ," అని అవతలినుంచి రత్తి పిలిచింది. "నీళ్ళు పిల్లల దాకా వచ్చాయి."

"వస్తున్నాను రత్తీ."

మళ్ళీ పిలుపు రాలేదు. గట్టు తెగింది. వాగు ఆయన్ను ఈడ్చుకుపోయి, దిగువన ఒక ముళ్ళపొదలో పడేసింది.

నీళ్ళు తీశాక కొండెక్కి తన పాత రాతిసందు దగ్గర నిలబడ్డాడు. లోపల నూకాలు గింజ ఉంది, నూకాలు పిల్లలు ఉన్నారు.

"ఖాళీ చేశావని పోసుకున్నాను అన్నయ్యా. కట్టుబాటే కదా. లోపలికి రా, తిందువుగాని." నూకాలు ఆయన వెనకకు తొంగిచూసింది. "వదినేది?"

భూపతయ్య గింజ ముట్టలేదు. నూకాలు పిల్లలు చుట్టూ చేరి, తుమ్మితే వాగు వెనక్కి పారిన కథ చెప్పమన్నారు. ఆయన దిగువన ఇంకా ఎర్రగానే పారుతున్న వాగును చూస్తూ ఉండిపోయాడు.

ఇప్పటికీ ఆ అడవిలో ఎవరైనా కొత్త కన్నంలో గింజ పోయబోతే, పక్కవాళ్ళు అడుగుతారు: "తెలిసినవాళ్ళ గింజ ఎటు నడుస్తోంది?"

నీతి: లోతు తెలిసినవాళ్ళు సర్దుకుని పోతుంటే, మిగిలిన చోటు చూసి మురిసిపోకు. ఎందుకు పోతున్నారో ముందు అడుగు.